ఎండెక్కితే పేలే తుపాకి

మా ఇంటికి తుపాకి వచ్చిన నాడు మా అత్త దానికి వాకిట్లోనే దిష్టి తీసింది. నేను కాపురానికి వచ్చిన నాడు నాకూ తీసింది గానీ, నాకు తీసిన ఎర్రనీళ్లు పలచగా ఉండెను. తుపాకికి మాత్రం పసుపు, సున్నం దండిగా కలిపింది. కోడలు ఎటూ పోదు, తుపాకికి కోపమొస్తే ఇల్లు విడిచి పోతుందనుకుందేమో.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త సంవత్సరాలవి. నిర్మల్ ఘాటు దాటి ఆదిలాబాద్ వైపు పోతుంటే రోడ్డుకు ఎడంగా, అడవి అంచున ఉంటుంది మా ఊరు. తుపాకిని తెచ్చింది మా బావ, అంటే మా ఆయనకు అన్న. ఊరికి పోలీసు పటేల్. తమ్ముడి పెండ్లాంతో నేరుగా మాట్లాడటం ఆచారం కాదు కనుక ఆయన నాకు చెప్పదలచుకున్నవన్నీ గోడకు చెప్పేవాడు. పాపం, ఆ గోడ నా బదులు ఎన్ని మాటలు పడిందో.

తుపాకి మా తల్లిగారి ఊరి దొరది. పోలీసు చర్య తరువాత దొర హైదరాబాద్ చేరాడు, గడీకి తాళం పడింది. కొన్నాళ్లకు ఆయన కొడుకులు గడీ తలుపులు, కుర్చీలు, గడియారాలు ఒక్కొక్కటిగా అమ్ముకుంటూ వచ్చి చివరికి తుపాకి దగ్గర ఆగారు. బావ దాన్ని కొన్నాడో, ఊరికే పట్టుకొచ్చాడో నాకు తెలియదు. బావ చేతికి వచ్చిన వస్తువు ఎట్లా వచ్చిందని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. పంట కాపలాకని మా ఆయన పేర లైసెన్సు మాత్రం ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగి తెప్పించాడు.

అది మామూలు తుపాకి కాదు. గొట్టం కింద ఒక చెక్కపిడి ఉంటుంది. దాన్ని వెనక్కి గుంజి ముందుకు తోస్తే కడుపులో ఉన్న తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. కాల్చి మళ్లీ గుంజితే ఖాళీ తూటా పక్కనున్న కిటికీలోంచి బయటికి దూకుతుంది. అందుకే ఊళ్లో దాన్ని గుంజుడు తుపాకి అన్నారు.

నాకు అది కొత్త కాదు. నేను పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, మా బాపు దున్నుకునే నల్లరేగడి మీద దొర కన్ను పడింది. ఒకరోజు దొర జమేదారు వచ్చి ఇదే తుపాకిని బాపు ఛాతీకి గురిపెట్టాడు. బాపు నాగలి వదిలి ఒకటే పరుగు ఉరికాడు. ఆ నల్లరేగడి మళ్లీ మాది కాలేదు. మాకు మిగిలింది వాగు అవతల, ఇప్పటి మా అత్తవారి ఊరి వైపు, అడవిని ఆనుకున్న చెలక ఒక్కటే. దొరే వద్దనుకున్న రాళ్ల నేల. ఆ రోజు నాకు పాలిస్తూ గట్టు మీదే ఉన్న మా అవ్వ ఎన్నేళ్లయినా ఒకటే మాట దెప్పేది. "ఉరుకకు, ఉరుకకు అని మొత్తుకుంటి. ఇన్నడా?" బాపు జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "నీకేం! తుపాకి నా దిక్కు సూసింది గని నీ దిక్కు సూసిందా?"

ఆ చెలకనే బాపు నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చాడు. ఈ లోకంలో నాది అని చెప్పుకోదగ్గది అదొక్కటే. నా మెడలో పుస్తె కూడా అత్తవారు కట్టిందే కదా. అందులో నేను జొన్న పెడితే రెండేళ్లుగా అడవి పందులు సగానికి సగం తింటున్నాయి. పక్కనే ఉన్న బావ భూమికి నా చెలక మీద ప్రేమ పుట్టింది. తుపాకి తెచ్చిన సాయంత్రమే ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"తమ్మీ, తుపాకి సుత తెచ్చిచ్చిన. గీ యేడు సుత పందులే తింటే ఇగ మాట లేదు. గా చెలక నా దాంట్ల కలుపుకుంట, పత్తి పెడత. పత్తిని పందులు ముట్టయి. నీకు ఊరి పక్కపొంటి ఏదన్న ముక్క సూత్తం తియ్యి."

బావ నోట "సూత్తం తియ్యి" అంటే అర్థమేమిటో మా ఇంటి కుక్కకు కూడా తెలుసు. మా ఆయన తలూపాడు. ఆయన మంచివాడు, కష్టజీవి. కానీ అన్న ముందు నిలబడితే మెడ ఒకటే వైపు ఊగుతుంది.

అంతకుముందు రెండేళ్లు ఆ సగం పంటైనా మిగిలిందంటే మంచె మీద కూర్చుని నేను వాయించిన డబ్బా పుణ్యమే. పాత గ్యాసునూనె డబ్బా, ఒక ఇనుప సీకుముక్క, నా గొంతు. ఈ మూడూ కలిస్తే పందులే కాదు, మా అత్త కూడా దగ్గరికి వచ్చేది కాదు. తుపాకి రాగానే డబ్బా ఉద్యోగం ఊడింది. "తుపాకి ఉన్న ఇంట్ల డబ్బ కొట్టుడేంది? నలుగురు నవ్వరా?" అన్నాడు మా ఆయన. డబ్బాను కొట్టంలో పడేస్తే కోడి అందులో గుడ్లు పెట్టుకుంది. మా ఇంట్లో పనికొచ్చే నిర్ణయం తీసుకున్నది ఆ కోడి ఒక్కతే.

ఇంతలో దసరా వచ్చింది. గడీలో చేసినట్టే ఆయుధపూజ చేయాలన్నాడు బావ. తుపాకికి నఖశిఖ పర్యంతం ఆముదం పూశారు, పసుపు రాశారు, కుంకుమ అద్దారు. సాయంత్రం జమ్మి దగ్గరికి పోయి ఆకు తెచ్చుకుని, అందరూ "బంగారం" అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. మనుషులకు పెట్టి తుపాకికి పెట్టకపోతే ఎట్లా? బావ దాని పక్క కిటికీలో రెండు ఆకులు దోపి దండం పెట్టాడు. "గడీల గిట్లనే చేస్తుండ్రి" అన్నాడు భక్తిగా.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఊరంతా చూస్తుండగా మా ఆయన ఆకాశంలోకి కాల్చాడు. తుపాకి ధామ్మంది. కాకులు లేచాయి. మా అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వారం మా ఆయన నడక మారింది. నీళ్లు తాగడానికి లేచినా ఛాతీ ముందు పోయేది.

జొన్న పాలు పోసుకునేసరికి చలి ముదిరింది. మా ప్రాంతపు చలి ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దుగూకుతుండగా పందుల మంద వాగు దాటింది. మా ఆయన మంచె మీద నుంచి గురిచూసి మీట నొక్కాడు. "టక్" అంది. గుంజి, తోసి, మళ్లీ నొక్కాడు. మళ్లీ "టక్". పందులు ఒక్కసారి తలెత్తి చూసి మళ్లీ తినడం మొదలుపెట్టాయి. డబ్బాకు భయపడ్డ పందులు తుపాకికి భయపడలేదు. మా ఆయన మంచె దిగి వచ్చి ఆ కబురు నాకు గోడకు చెప్పినట్టే చెప్పాడు. అన్న పోలిక ఎక్కడికి పోతుంది?

ఇక చికిత్స మొదలైంది. మొదట తూటాలు చెమ్మగిల్లాయన్నారు. అప్పటి తూటాలకు కాగితపు ఒళ్లు, కింద ఇత్తడి గిన్నె. ఆ గిన్నె నడుమ బొట్టంత బిళ్ల ఉంటుంది, తుపాకిలోని సూది దాన్ని గట్టిగా పొడిస్తే మందు అంటుకుంటుంది. మా అత్త వాటిని పొయ్యి గట్టు మీద ఆరబెట్టబోతే నేను లాక్కున్నాను. లేకపోతే ఆ పూట ఇంటికప్పు నిర్మల్ చేరేది. ఎండలో మిరపకాయల పక్కన ఆరబోశాం. మధ్యాహ్నం పరీక్షిస్తే పేలింది. "సూసినవా?" అన్నాడు మా ఆయన. సాయంత్రం చెలకలో మళ్లీ "టక్". జొన్నలో ఒక మూల చాప పరిచినట్టు అయింది.

తరువాత మిల్ట్రీ మామ వచ్చాడు. ఊళ్లో అందరికీ మామే. నిజాం ఫౌజులో పనిచేశాడు. అక్కడ ఆయన చేతిలో ఉన్నది తుపాకి కాదు, గరిటె అని ఆయన పెండ్లాం నాకు చెప్పింది గానీ, ఆ సంగతి మగవాళ్లెవరూ నమ్మరు. తుపాకి గొట్టంలో ఒక కన్ను పెట్టి చూశాడు. పేలని తుపాకి కనుక మామ బతికిపోయాడు. గొట్టం ఊడదీసి తుడిచాడు, చెక్కపిడి మరలు బిగించాడు. అంతా అయ్యాక ఒక మర మిగిలింది.

"గిదేంది మామా?" అన్నాడు మా ఆయన.

"గది ఫాల్తుది. కంపెనోళ్లు ఒకటి ఎక్కువ పెడతరు" అన్నాడు మామ.

మీట పైనున్న ఇనుప పెట్టెను మాత్రం తెరవనివ్వలేదు. "లోపట స్ప్రింగు ఉంటది. ఎగిరిందంటే కన్ను పోతది. దానికి నూనె తాపుడే ఇలాజు" అంటూ కిటికీలోంచి ఇంకో గరిటెడు ఆముదం పోశాడు. గరిటె పట్టడంలో మాత్రం నిజంగానే చేయి తిరిగినవాడు. మధ్యాహ్నం పేలింది. మామకు కోడికూర పెట్టాం. సాయంత్రం "టక్". ఇంకో మూల పోయింది.

ఆఖరికి బావే వచ్చి తేల్చాడు. గడీలో రాజభోగం అనుభవించిన తుపాకి మా కొంపకు వచ్చి చిన్నబుచ్చుకుందట. మళ్లీ పూజ. మళ్లీ ఆముదం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఒక పుంజు. మధ్యాహ్నం దివ్యంగా పేలింది. సాయంత్రం సంగతి చెప్పను. అప్పటికి మూడోవంతు జొన్న నేలమట్టమైంది. బావ గోడ వైపు చూసి, "పాపం, అమ్మవారి మనసు ఎట్లున్నదో" అన్నాడు. ఆయన మొహంలో పత్తి పూస్తోంది.

ఆయన తెలిసే చెడిపోయిన తుపాకి ఇచ్చాడని నేను అనను. తెలియాలంటే దాన్ని తెరిచి చూడాలి. బావ జన్మలో తెరిచి చూసింది కల్లుకుండ ఒక్కటే.

నా చెలక పోతోంది. నాలుగు మాటలు అందామంటే గోడ తప్ప వినేవాళ్లు లేరు. ఆ మర్నాడు పొద్దున మా పిల్లకు తలంటుదామని ఆముదం సీసా తీశాను. వంచితే చుక్క రాలేదు. చలికి బంకలా బిగుసుకుంది. ఎప్పటిలాగే పొయ్యి పక్కన పెట్టాను. కాసేపటికి జారింది. పిల్ల నెత్తిన చేయి పెట్టినదాన్ని అట్లాగే ఉండిపోయాను. మధ్యాహ్నం ఎండలో కూర్చున్న తుపాకి పేలుతోంది. చలిలో మంచె ఎక్కిన తుపాకి పేలడం లేదు. ఇన్నాళ్లుగా మనం దానికి తాపుతున్నదేమిటి?

మా ఆయన పళ్లు తోముకుంటున్నాడు. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"గా ఇనుప పెట్టె తెరువు."

"ఏందే? పిచ్చి లేసిందా? పూజ చేసిన ఆయుధం. ఆడోళ్లు ముట్టొద్దు."

"నేను ముట్టొద్దు గని, నా జొన్నను పందులు ముట్టచ్చునా? నువ్వు తెరుస్తవా, నన్ను గొడ్డలి తెచ్చుకొమ్మంటవా?"

గొడ్డలి మాటతో ఆయన మెడ మొదటిసారి నా వైపు ఊగింది. అత్త పక్కింటికి పోయిన సమయం చూసి వాకిట్లో గోనెపట్ట పరిచాం. ముందు తూటాలన్నీ తీయించి దూరంగా ధాన్యం గుమ్మిలో పెట్టాను. ఆయన గొట్టం విప్పాడు. పెట్టెకు అడ్డంగా ఉన్న శీలను మెల్లగా కొడితే మీట ఉన్న ముక్క ఊడివచ్చింది. ఏ స్ప్రింగూ ఎగరలేదు, ఎవరి కన్నూ పోలేదు. లోపల సూది ఉండే ఇనుప దిమ్మె ఉంది. అది ఇనుమని చెబితే గానీ తెలియదు. పసుపు, కుంకుమ, ఆముదం కలిసి ముద్ద కట్టి, దీపపు సెమ్మె అడుగున పేరుకునే జిడ్డులా నల్లగా పట్టేసి ఉంది. ఆ బంకలో సూది కదలడమే గొప్ప. ఇక తూటా బిళ్లను పొడవడం ఎక్కడిది?

చీపురుపుల్లకు గుడ్డ చుట్టి గ్యాసునూనెలో ముంచి తోడటం మొదలుపెట్టాను. జిడ్డుతో పాటు ఆకులు వచ్చాయి. జమ్మి ఆకులు. బావ దోపిన రెండే కాదు. తోడేకొద్దీ వస్తున్నాయి. ఇంకా పచ్చదనం వదలనివి, ఎండినవి, నలిగి పొడైనవి, నూనెలో ఊరి తోలులా అయినవి. పొర మీద పొర. గడీలో ఏటేటా దసరాకు పెట్టిన బంగారమంతా అక్కడే ఉంది.

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఉన్నట్టుండి నాకు నవ్వు ఆగిపోయింది. ఇన్ని దసరాలు కడుపులో పెట్టుకున్న తుపాకి ఇది. దొర దాన్ని పూజించాడే గానీ ఎన్నడూ కడిగిన పాపాన పోలేదు. కడగాల్సిన అవసరమేముంది? చూపిస్తేనే జనం ఉరికేవాళ్లు. మా బాపు కూడా ఉరికాడు. నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. ఏడుస్తూనే తోమాను. మా ఆయన ఇంకో గుడ్డ చింపి నా చేతికి ఇచ్చాడు.

ఆ పొద్దుగూకే వేళ ఆయన తుపాకి తీసుకుని, నేను కోడిని లేపి డబ్బా తీసుకుని ఇద్దరం మంచె ఎక్కాం. ఈసారి ఎవరూ నవ్వుతారని ఆయన అనలేదు. చలి వణికిస్తోంది. మంద వాగు దాటింది. తుపాకి ధామ్మంది. ఆ తోపుకు మా ఆయన వెనక్కి పడి నా ఒళ్లో కూర్చున్నాడు. నేను డబ్బా వాయించాను. గుండు ఎటు పోయిందో తెలియదు గానీ, పందులు మాత్రం మహారాష్ట్ర దాకా ఆగి ఉండవు. పంట కోతకు వచ్చేదాకా ఇద్దరం అట్లాగే కాపలా కాశాం. మిగిలిన జొన్న కల్లం చేరింది. బావ కంకుల కుప్పను చూసి, మా ఇంటికి వచ్చి గోడతో అన్నాడు.

"సూసినవా తమ్మీ, పూజ ఊకెనే పోదు."

గోడ ఏమీ అనలేదు. చెలక మాట మాత్రం ఆయన మళ్లీ ఎత్తలేదు. అమ్మవారే కాపాడిన చెలకను గుంజుకోవడానికి పోలీసు పటేలుకైనా భయమే కదా. ఆ ఒక్క లాభం కోసం ఆ పుణ్యం అమ్మవారి ఖాతాలోనే ఉండనిచ్చాను.

కల్లం నాడు బాపు, అవ్వ వచ్చారు. తుపాకి మా ఇంటికి వచ్చినప్పటి నుంచి బాపు మా గడప తొక్కలేదు. కల్లంలో కూడా అది చెట్టుకు ఆనించి ఉంటే, దాని మూతి ఎటు చూస్తోందో చూసుకుని అవతలి పక్కన కూర్చున్నాడు. అవ్వ వాగుకు నీళ్లకు పోయినప్పుడు నేను ఆయన దగ్గర కూర్చుని అంతా చెప్పాను. గుడ్డలో కట్టి దాచిన ఆ ఆకుల ముద్ద విప్పి చేతిలో పెట్టాను.

బాపు దాన్ని రెండు వేళ్లతో నలిపాడు, వాసన చూశాడు.

"అంటే చలిల పేలకపోతుండె?"

"పేలకపోతుండె."

"ఎండెక్కితే పేలుతుండె?"

"అవు బాపు."

ఆయన కళ్ల ముందు నల్లరేగడి, నాగలి, ఆ జమేదారు. నేను వద్దనుకుంటున్నా ఆయన ఆ రోజు పొద్దు ఎంత పైకి వచ్చి ఉండెనో గుర్తు చేసుకుంటున్నాడు.

"గప్పుడు మంచు సుత ఇడవలే, బిడ్డా" అన్నాడు చివరికి. "ఎడ్ల ముక్కులకెల్లి పొగలు వస్తుండె."

బాపు ఆ ఆకులను మళ్లీ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, వేళ్లు మూసి గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అవ్వకు చెప్పకు."

అవ్వ బిందెతో వచ్చింది. మమ్మల్ని చూసి, "ఏందో, తండ్రి బిడ్డ ముచ్చట పెడుతుండ్రు?" అంది.

"ఏం లేదు. పందుల ముచ్చట" అన్నాడు బాపు.

అవ్వ సద్దిమూట విప్పింది. జొన్న గటక పెడుతూ చెట్టుకు ఆనించిన తుపాకిని చూసింది. చూశాక ఊరుకుంటుందా? "ఉరుకకు, ఉరుకకు అని మొత్తుకుంటి. ఇన్నడా?" అంది, ఎప్పటిలాగే. నేను బాపు జవాబు కోసం చూశాను. బాపు ఉల్లిగడ్డ కొరికి, గటకలో చేయి పెట్టి, ఉప్పు జర తక్కువైందన్నాడు.